చూడుములు రాసే ఆఫీసు

గుబ్బల వీర్రాజు ప్రోగ్రామింగ్ భాష మాన్యువల్లోకి దిగి, ‘ఫంక్షన్’ పేజీకీ ‘ప్రొసీజర్’ పేజీకీ మధ్య తిరగడం మొదలుపెట్టి ఆ సోమవారానికి పదకొండు రోజులైంది. ఫంక్షన్ అంటే ఏమిటో ఆ పేజీలో లేదు. ‘ప్రొసీజర్ చూడుము’ అని ఉంది. అక్కడికెళితే ‘ఫంక్షన్ చూడుము’ అని ఉంది. చూడమన్న చోటికల్లా నడిచి వెళ్ళి చూసి రావడమే కాకినాడ మాన్యువళ్ళ ఆఫీసులో ప్రూఫు చూసేవాళ్ళ పని. వీర్రాజు పనిదొంగ కాడు. అదే అతని ఖర్మ.

భార్య సత్యవేణి రోజూ క్యారేజీ తెచ్చి, అతను పేజీ మారేటప్పుడు అందిస్తోంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ గురువారం పుస్తకం అచ్చుకెళుతుంది. అచ్చయ్యాక లోపలివాళ్ళు ఇక లోపలే.

సూపర్నెంటు పేర్రాజు మర్యాదస్తుడు. ఆమెకు కుర్చీ వేయించాడు.

“ఏదో ఓ పేజీలో అర్థం రాసెయ్యండి బాబూ. మా ఆయన బయటికొచ్చేత్తాడు,” అంది సత్యవేణి.

“అర్థం రాసే పోస్టు పన్నెండేళ్ళుగా ఖాళీ అమ్మా. చూడుములు రాసేవాళ్ళయితే నలభై మందున్నారు. కావాలంటే ఇంకో చూడుము వేయిస్తాను.”

“మీ చూడుములు మీరే చూసుకోండి. ఆ పెన్ను ఇలాగియ్యండి.”

ఆమె పుస్తకం మీదికి వంగి, అటుగా పోతున్న మొగుణ్ణి అడిగింది. “ఏవయ్యా, ఇంతకీ ఫంక్షనంటే ఏంటి?”

“పిండిమరే. బియ్యం పోత్తే బియ్యప్పిండి, మినుములు పోత్తే మినప్పిండి,” అన్నాడు వీర్రాజు ఆగకుండానే.

“నీకు తెలుసా మరి?”

“తెలుసు. రాసి లేదు కదే. ఎలా ఆగుతాను?”

ఆమె అదే ముక్క పేజీలో రాసింది. వీర్రాజు ఆగి, చదివి, బయటికొచ్చి చెప్పులేసుకున్నాడు.

చూడుము లేని పేజీని అచ్చుకి పంపకూడదు. పేర్రాజు ఆ ముక్క కొట్టేసి ‘పిండిమర చూడుము’ అని వేయించాడు. పిండిమరకి కొత్త పేజీ పెట్టి అక్కడ ‘ఫంక్షన్ చూడుము’ అన్నాడు. సరిపోయిందో లేదో చూద్దామని నలభై మందినీ వెంటబెట్టుకుని లోపలికి దిగాడు. గురువారం పుస్తకం వేళకి అచ్చయింది.

ఆఫీసు పని ఆగలేదు. వచ్చినవాళ్ళతో బంట్రోతు “సార్లు లోపలున్నారండి” అంటాడు. “అలాగేనండి” అని జనం వరండాలో కూర్చుంటారు. వీర్రాజు తిరిగిన పదకొండు రోజులూ డ్యూటీ కింద రాయాలంటే పేర్రాజు సంతకం కావాలి కనుక సత్యవేణి కూడా రోజూ వచ్చి, చిక్కుడుకాయలు వలుచుకుంటూ కూర్చుంటోంది.

“ఎంతసేపవుద్దండీ?” అంది కొత్తగా వచ్చినావిడ.

“లోపలే ఉన్నారండి. ఇలా కూకోండి,” అని సత్యవేణి జరిగి చోటిచ్చింది.

రద్దీ పెరిగిందని వేసవిలో ఇంకో రేకుల షెడ్డు వేశారు. గాలి బాగా వస్తుంది.