రెల్లుగుంట బడికి రెండొందల టీసీలు

ఒక పెద్ద అడవిలో చెట్లకి కొదవలేదు, గోతులకి కొదవలేదు. కొండమీది బళ్లో సీట్లకే కొదవ.

కొండబడి అంటే హాస్టలు బడి. తిండి వాళ్లదే, పడక వాళ్లదే, చదువూ వాళ్లదే. అందులో చదివిన పిల్ల రేపు ఏదో ఒక ఆఫీసులో గుమ్మం లోపల కూర్చుంటుంది. చదవని పిల్ల అదే గుమ్మం బయట అర్జీ పట్టుకుని నిలబడుతుంది.

ఆరో తరగతిలో చేరితే చేరినట్టు. ఆ తర్వాత తలుపు మూసేస్తారు. ఏ పిల్లైనా మధ్యలో మానేస్తే తొమ్మిది వరకే ఆ ఖాళీ నింపుతారు. పదిలోకి మళ్లీ ఎవర్నీ రానివ్వరు. ఆ ఏడు తొమ్మిదిలో ఉన్న ఓ జింకపిల్ల కొండ దిగి ఇంటికొచ్చేసింది. ఎందుకు దిగొచ్చావే అని దాన్ని ఒక్కరూ అడగలేదు. ఖాళీ నిజమేనా అని మాత్రం అడవంతా అడిగింది.

ముంగిస నూకాలూ అడిగింది.

నూకాలు మొగుడు పోయి నాలుగేళ్లు. అడవికోళ్ల గూళ్ల దగ్గర పాముల్ని పట్టే పని వాళ్లది. ఓ రోజు బొక్కలో తల పెట్టాడు, తల బయటికి రాలేదు. కర్మకాండ అయిన మర్నాటి నుంచి ఆ బొక్కల్లో నూకాలే తల పెడుతోంది. ఉన్నది ఒక్క కూతురు, పైడి. నేరేడురేవు బళ్లో తొమ్మిది చదువుతోంది. కొంగ మాస్టారు లెక్క చెప్పడం పూర్తయ్యేలోపు జవాబు చెప్పేస్తుంది.

"నా తల బొక్కలోకే రాసుంది. దాని తల పుస్తకంలో ఉండాలి," అనేది నూకాలు. ఆమెకున్న కోరిక అదొక్కటే. రెండో కోరికకి తీరిక లేదు.

నోటీసు రేవు దగ్గర మద్దిచెట్టుకి కొట్టారు. నూకాలుకి చదవడం రాదు. పైడి చదివింది.

"తొమ్మిదో తరగతిలో సీటు ఒకటి. వెనకబడిన బడి పిల్లలకే ఇస్తారంట, ఏ తరగతివాళ్లయినా పరీక్ష రాయొచ్చంట. తనిఖీ రోజున ఏ బళ్లో పిల్లలు తక్కువుంటే అదే వెనకబడిన బడి. ఆ బడి పిల్లల్లో పరీక్షలో ఫస్టొచ్చినోళ్లకి సీటు."

"మనది వెనకబడిందేనా?"

"కాదు. మనం రెండొందల ఎనిమిది మందిమి. రెల్లుగుంట బళ్లో ఆరుగురే." ఆ అడవి కిందిభాగానికి ఉన్న బడులు ఆ రెండే.

"మరి ఇన్నాళ్లూ ఈ బళ్లో కూర్చుని ఏం చేస్తున్నావే?"

"చదువుకుంటున్నానమ్మా."

"అదే తప్పయిపోయింది," అంది నూకాలు.

ఆ సాయంత్రమే పునుగుపిల్లి గురునాథం వచ్చాడు. ముందు వాసనొచ్చింది, తర్వాత ఆయనొచ్చాడు. సీట్లు, సర్టిఫికెట్లు, సంతకాలు, ఏ పనైనా ఆయన చేతిమీదే అవుతుంది. ఆయన మాత్రం ఏ బళ్లోనూ చదవలేదు.

"చెల్లెమ్మా, పిల్ల టీసీ తీసి రెల్లుగుంటలో చేర్పించేద్దాం. పేరు అక్కడ, పిల్ల ఇక్కడ. తనిఖీ రోజు ఒక్కపూట తీసుకెళ్లి కూర్చోబెట్టు. ఆ బళ్లో ఉన్నది నాలుగు కప్పపిల్లలు, రెండు పీతపిల్లలు. వాళ్లలో మన పైడి ఫస్టు రాదా?"

"తప్పు కాదా అన్నా?"

"టీసీ మీద సంతకం ఉంటే తప్పెలా అవుతుంది?"

"ఇంకెవరికైనా చెప్పావా?"

గురునాథం నొచ్చుకున్నాడు. "నువ్వు మొగుడు పోయినదానివని నీకొక్కదానికే చెప్తున్నా. నువ్వు కూడా ఎవరితో అనకు."

"నీకేమివ్వాలి?"

"మన మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలేంటమ్మా. నా గది కింద బొక్కలో ఓ తాచు చేరింది. తీరికున్నప్పుడు అది చూడు."

నూకాలు మర్నాడే చూసింది. తాచు పోయింది. నూకాలు ఎడమ చెవిలో సగమూ పోయింది.

"చెవికేమైంది వదినా?" అని అడిగింది పక్కగుట్టలో ఉండే అడవిపంది ఎర్రమ్మ. ఆమెకి పదకొండుమంది పిల్లలు. వాళ్లలో బడికెళ్లేది ఏడోది సన్యాసమ్మ ఒక్కతే, బళ్లో పైడి పక్కనే కూర్చుంటుంది. పైడి పలకలో చూసి రాసుకుంటుంది. అది కూడా తిన్నగా చూడదు.

"ముల్లు గీరుకుంది," అంది నూకాలు.

"ఆ కొండబడి సంగతేంటి వదినా, మీ పిల్లని పంపుతున్నావా?"

"మనలాంటోళ్లకి ఎక్కడొస్తాయి వదినా," అంది నూకాలు. మనసులో కొంచెం కలుక్కుమంది. కానీ ఉన్నది ఒక్క సీటు. దాన్ని ఇద్దరికి పంచలేరు కదా.

పైడి పేరు రెల్లుగుంట రిజిస్టర్లోకి ఎక్కింది. తనిఖీ రోజు వచ్చింది. తెల్లారకముందే పైడి మొహం కడిగి, ఎవరూ నడవని రాళ్లదారిన రెల్లుగుంటకి బయల్దేరదీసింది నూకాలు.

దారి మలుపులో ఎలుగుబంటి ఎదురైంది, కొడుకుని వెంటబెట్టుకుని.

"ఇటెక్కడికి వదినా?" అంది నూకాలు.

"తేనెకి. నువ్వో?"

"పాముకి."

ఎలుగుబంటి కొడుకు చంకలో పలక ఉంది. పైడి చంకలోనూ ఉంది. ఎవరి పలక వాళ్లు వెనక్కి పెట్టుకున్నారు.

రెల్లు దాటి గుంట గట్టెక్కేసరికి అడవంతా అక్కడే ఉంది. దుప్పులు, కుందేళ్లు, ఉడుములు, కొండముచ్చులు, ఓ నెమలమ్మ తోకకి బురద అంటకుండా పైకెత్తి పట్టుకున్న పనిపిల్లతో సహా.

"మాది అసలు రెల్లుగుంటేనండి. మా తాతలు ఇక్కడే పురి విప్పేవారు," అంటోంది నెమలమ్మ.

"మా వాడికి బురద గాలి పడుతుందని డాక్టరుగారు చెప్పారు," అంటోంది ఎలుగుబంటి.

ప్రతి ఒక్కరికీ గురునాథం ఒక్కళ్లకే చెప్పాడు.

బడికి పైకప్పు లేదు. నాలుగు వరసల రాళ్లున్నాయి. రాళ్ల మీద చోటు చాలక పిల్లలు బురదలో మోకాళ్లదాకా దిగబడి నిలబడ్డారు. అసలు ఆ బళ్లో చదివే కప్పపిల్లలూ పీతపిల్లలూ గట్టు మీద నిలబడి చూస్తున్నారు. వాళ్ల రాయి మీద ఎలుగుబంటి కొడుకు కూర్చున్నాడు.

తాబేలు మాస్టారి కళ్లు చెమర్చాయి. "ముప్పై ఏళ్లు ఆరుగురికి చెప్పాను. విద్య విలువ ఇవాళ తెలిసింది అడవికి," అన్నాడు.

కొండబడి ఇన్స్పెక్టరు ముళ్లపంది వచ్చాడు. ఆయన ముళ్లే ఆయనకి కలాలు. అందుకే ఎవరూ దగ్గరికెళ్లి ఏమీ అడగరు. తలలు లెక్కపెట్టాడు. రిజిస్టరు చూశాడు. తన ముల్లొకటి పీకి రాసుకున్నాడు.

"రెండొందల పదమూడు. మాపటికి నేరేడురేవు లెక్క కూడా చూసి సీలేస్తాం," అని ఆయన నడిచి వెళ్లిపోయాడు. ఆయనది నింపాది నడక.

తల్లులందరూ పిల్లల బురద తుడుస్తూ, మా వాడు బాగా కూర్చున్నాడంటే మా వాడు బాగా కూర్చున్నాడని చెప్పుకుంటున్నారు. నూకాలు మాత్రం ఆ అంకె దగ్గరే ఆగిపోయింది. ఆమెకి అక్షరాలు రావు గానీ లెక్కలొచ్చు. పాము బొక్కల దగ్గర బతికినోళ్లకి ముందు వచ్చేది లెక్కే, లోపల ఎన్ని, బయట ఎన్ని అని.

"పైడీ, అందరూ ఇక్కడుంటే అక్కడెవరే ఉన్నారు?"

పైడి చుట్టూ చూసింది. "సన్యాసమ్మ."

"ఇంకా?"

"సన్యాసమ్మే."

నూకాలు తోక నిక్కింది. మాపటిలోపు పైడి పేరు మళ్లీ నేరేడురేవు రిజిస్టర్లోకి ఎక్కితే అక్కడ ఇద్దరే. ఆ ఇద్దరిలో ఫస్టు ఎవరన్నది పరీక్ష పెట్టకుండానే చెప్పొచ్చు. గట్టు మీద ఇంకెవరికీ ఈ ఆలోచన వచ్చినట్టు లేదు. వాళ్లింకా బురద తుడుస్తూనే ఉన్నారు.

తాబేలు మాస్టారి దగ్గరికెళ్లి గొంతు తగ్గించింది. "మాస్టారూ, మా పిల్ల టీసీ ఇచ్చేయండి."

"ఇప్పుడే కదమ్మా చేరింది."

"దానికి బురద పడట్లేదండి."

"ఒక్కరోజైనా చదవకుండా చదివినట్టు ఎలా రాయను? అబద్ధం రాసే బడి కాదమ్మా ఇది."

రెండొందల ఏడుమంది దొంగ పిల్లల మధ్య నిలబడి అన్నాడా మాట, నిజాయితీగా. నూకాలుకి నవ్వు రాలేదు.

"అయితే చదివించండి. త్వరగా."

తాబేలు పాఠం మొదలుపెట్టాడు. ఆయన అ అనడానికి ఒక ఎండ, ఆ అనడానికి ఒక నీడ. పైడి అమ్మ మొహం చూసింది. అమ్మ సూర్యుడి మొహం చూసింది.

మధ్యాహ్నం దాటాక ఆయన టీసీ కాగితం తీశాడు. సంతకం పెట్టాలి. పేరు కూర్మనాథం. ఇంటిపేరు తాళ్లపాలెం. తాత పేరు కూడా కలిపి రాస్తాడు, పెద్దలంటే గౌరవం.

"ఇంటిపేరు వదిలేయండి మాస్టారూ," అంది నూకాలు.

"ఇంటిపేరు వదిలేస్తే నేనెవర్నమ్మా?"

"తాతనైనా వదిలేయండి."

ఆయన తల లోపలికి లాగేసుకున్నాడు. మళ్లీ బయటికి రావడానికి కొంతసేపు పట్టింది. ఆ తర్వాత నూకాలు ఇంటిపేరూ రాయనిచ్చింది, తాత పేరూ రాయనిచ్చింది. పొద్దు వాలేవేళకి సంతకం ముగిసింది, చుక్కతో సహా.

తల్లీ కూతురూ రాళ్లదారిన పరిగెత్తారు. నేరేడురేవు చేరేసరికి ముళ్లపంది రిజిస్టరు మూసి, లక్క కరిగించి సీలేస్తున్నాడు. కొంగ మాస్టారు ఒంటికాలి మీద నిద్రపోతున్నాడు. అంత పెద్ద బళ్లో సన్యాసమ్మ ఒక్కతే కూర్చుని రేగుపండ్లు తింటోంది.

"అయ్యా, ఒక్క పేరు," అంది నూకాలు, టీసీ చాపి.

"సీలు పడ్డాక దేవుడి పేరు కూడా ఎక్కదు," అన్నాడు ముళ్లపంది. "అయినా రేపు పరీక్ష అందరూ రాయొచ్చు. ఎవరూ వద్దనరు."

అందరూ రాశారు. వారం తిరిగేసరికి మద్దిచెట్టుకి మార్కులు కట్టారు. పైడి చదివింది.

"నాకు తొంభై ఎనిమిది. అడవి మొత్తానికి ఫస్టు."

"సీటు?"

"వెనకబడిన బడి నేరేడురేవు, పిల్లలు ఒకరు. ఆ బడికి ఫస్టు సన్యాసమ్మ. మార్కులు తొమ్మిది."

నూకాలు చాలాసేపు ఆ కాగితం చూసింది, చదవడం వచ్చినదానిలా.

ఎర్రమ్మ ఎదురొచ్చింది. ఆమెకి సంతోషం కంటే భయమే ఎక్కువగా ఉంది. "ఇదేంటి వదినా, మేమసలు అర్జీ కూడా పెట్టలేదు. కొంగ మాస్టారే పరీక్ష రాయించారంట. మా దానికన్నా మీ పైడికి ఇవ్వండి, అదీ మా బడి పిల్లేనని చెప్పాను వాళ్లకి. రిజిస్టర్లో లేదన్నారు. నువ్వేమైనా పేరు తీయించావా?"

"తీయించాను."

"ఎందుకు?"

"ఈ సీటు కోసమే," అంది నూకాలు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఎర్రమ్మ కాసేపు నేల గీకింది. "నాకో మాట చెప్పుంటే మా దాన్ని కూడా అక్కడికే తోలేదాన్ని కదా వదినా. అప్పుడు నేరేడురేవులో సున్నా అయ్యేది."

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. ఎత్తిపొడుపు ఆమెకి రాదు. అందుకే నూకాలుకి గట్టిగా తగిలింది.

సన్యాసమ్మ కొండెక్కింది. ఆ మర్నాడే నేరేడురేవు బడిలో పిల్లలు సున్నా అని తేల్చి తలుపులకి తాళం వేశారు. కొంగ మాస్టార్ని రెల్లుగుంటకి బదిలీ చేశారు. బురద ఆయనకి అలవాటే. టీసీలు వెనక్కి తెద్దామని అందరూ తాబేలు మాస్టారి చుట్టూ తిరిగారు గానీ చేర్చుకోవడానికి బడి లేదు. తాబేలు ఉత్తమ ఉపాధ్యాయుడయ్యాడు. గురునాథం రెల్లుగుంట గట్టు మీద ఆఫీసు తెరిచాడు, రాళ్ల మీద ముందు వరసలో కూర్చోబెట్టిస్తానని.

పైడి రోజూ రాళ్లదారిన రెల్లుగుంటకి నడుస్తోంది. నూకాలు రోజూ బొక్కల్లోకి.

నెల తర్వాత ఎర్రమ్మ ఓ కాగితం పట్టుకొచ్చింది. "కాకి తెచ్చింది వదినా. మా దాని ఉత్తరం. పైడిని కొంచెం చదివి పెట్టమను."

పైడి చదివింది. "అమ్మా, ఇక్కడ తిండి బాగుంది, బురద లేదు. నిద్ర పట్టట్లేదు. ఇక్కడి లెక్కలు నాకు రావు. పదిహేను లెక్కలు ఈ కాగితం వెనకాల రాశాను. పైడి చేసి పంపితే నేను చూసి రాసుకుంటాను. పైడి పక్కన లేకపోతే నాకు రాయడం రావట్లేదు."

ఎర్రమ్మ బెరుగ్గా నూకాలు వైపు చూసింది. "చేస్తుందా వదినా? లేకపోతే దాన్ని పంపించేస్తారేమో. పంపించేస్తే ఖాళీ పడుతుంది గానీ, వచ్చే ఏడు పదంట. అందులోకి ఎవర్నీ తీసుకోరంట."

పైడి అప్పటికే కాగితం తిప్పేసింది. కళ్లు లెక్కల మీద పరిగెడుతున్నాయి. కొంగ మాస్టారు ఎప్పుడూ ఇవ్వని లెక్కలవి. ఆ మొహం చూసి చాలా రోజులైంది నూకాలుకి.

"బాగున్నాయా?" అని అడిగింది.

"బాగున్నాయమ్మా. కష్టంగా ఉన్నాయి."

"అయితే చెయ్యి. వచ్చేవారం లెక్కలు కూడా పంపమని రాయి," అంది నూకాలు. లేచి, పనికి బయల్దేరుతూ మళ్లీ ఆగింది. "అన్నీ కరెక్టుగా చెయ్యకే. ఒకటో రెండో తప్పులు పెట్టు. లేకపోతే ఆ పిల్ల చేసిందంటే ఎవరూ నమ్మరు."

ఆ ఏడాది కొండబడిలో లెక్కల బహుమతి సన్యాసమ్మకి వచ్చింది.

నీతి: వెనకబడటానికి అందరూ ఎగబడి పరిగెత్తే చోట, కదలకుండా కూర్చున్నదానికే మొదటి స్థానం.