డ్రిల్లు మాస్టారి పూలమడి

ఆదివారం పొద్దున్నే, రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒక మంచి పని చేద్దామనుకున్నారు. ఆ ఇంట్లో గొడవలన్నీ ఆయన మంచి పనులతోనే మొదలవుతాయి. పూలతీగను స్కేలు పెట్టి కత్తిరించినప్పటి నుంచి కోడలు ఆయనతో ముక్తసరిగా మాట్లాడుతోంది. ఆమె సాయంత్రం పుట్టింటి నుంచి వచ్చేలోగా ఆమె పూలమడిలో కలుపు తీసి, మళ్ళీ నోరారా "మావయ్యా" అని పిలిపించుకోవాలని ఆయన ఆశ.

మడిని చూస్తే మాస్టారికి కళ్ళు తిరిగాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకదాని ఆకు గుండ్రం, ఇంకోదానిది రంపం. మధ్యలో ఒక గుంపు మాత్రం ఒకే ఎత్తులో బుద్ధిగా నిలబడి ఉంది. "శభాష్! మొక్కంటే ఇలా ఉండాలి," అని దాన్ని ఉంచి, మిగతావన్నీ పీకి చెత్తబండికి ఎత్తేశారు.

పక్కింటి టీచరమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "అదేంటి మాస్టారూ! పూలమొక్కలు పీకేసి కలుపు ఉంచారేంటి?"

మాస్టారి పై ప్రాణాలు పైనే పోయాయి. హడావిడిగా కలుపూ పీకేశారు. మడి బోడిగుండైంది. "అమ్మా, నీకు పుణ్యముంటుంది, ఒక్క మొక్క ఇప్పించు. కోడలు అడిగితే తెగులొచ్చిందని చెప్దాం."

టీచరమ్మ నోట బయల్దేరిన ఆ తెగులు వీధి మలుపు తిరిగేసరికి ముదిరింది. "మాస్టారింట్లో పచ్చనిదేదీ మిగల్లేదట, పాపం!" అంటూ టైలరు చామంతి తెచ్చాడు. ఎలక్ట్రీషియను గుమ్మడిపాదు, పళ్ళ డాక్టరు ముళ్ళమొక్క, బేకరీ ఆయన పొద్దుతిరుగుడు తెచ్చారు. ఎవరికి తోచినచోట వాళ్ళు నాటేశారు. "లైన్లో! లైన్లో!" అని మాస్టారు ఎంత విజిలూదినా ఎవరూ వినలేదు.

సాయంత్రం కోడలు వచ్చి మడినీ, మాస్టారి మోకాళ్ళ మట్టినీ చూసి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. వానలు పడేదాకా ఆ మౌనం మాస్టారిని తినేసింది.

ఒక తెల్లవారుజామున కేక వినిపించింది. "మావయ్యా! బయటికి రండి!"

మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయారు. పొద్దుతిరుగుడు పళ్ళెమంత విచ్చుకుంది. దాని కాళ్ళకు చుట్టుకున్న గుమ్మడిపాదు నిండా పసుపు పూలు. ముళ్ళమొక్క నెత్తిన కూడా ఒక గులాబీరంగు పువ్వు. ఏ రెండూ ఒకలా లేవు. ఇన్నేళ్ళూ ఇది చూడకుండా ఎలా బతికానా అనిపించింది ఆయనకు. నోట్లో విజిలుంది, ఊదడం మర్చిపోయారు. అన్నిటి మధ్యా గోరంత నీలిపువ్వు మెరుస్తోంది.

"ఇదెవరిచ్చారమ్మా?"

"ఎవరూ ఇవ్వలేదు. మీరు పీకడం మర్చిపోయిన కలుపు."

మాస్టారు తల వంచుకున్నారు. "తెగులేం రాలేదమ్మా. ఆ తెగులు నేనే."

"తెలుసు మావయ్యా," అని కోడలు నవ్వింది. "మీరు పారేసినవన్నీ చెత్తబండాయన తన వాకిట్లో నాటుకున్నాడు. పదండి, చూసొద్దాం. అక్కడా విరగబూశాయి."

అప్పట్నుంచి మాస్టారు దేన్నీ పీకనివ్వడం లేదు. ఇప్పుడు ఆ ఇంటి గేటు తెరవాలంటే ముందు గడ్డిని బతిమాలుకోవాలి.