ఇంటికో ఫుడ్ బ్లాగు

వచ్చే నెల నుంచి దేశంలో నిరుద్యోగం అనే మాట వాడుకలో ఉండదని స్వయం ఉపాధి శాఖ మంత్రిగారు ప్రకటించారు. "నిరుద్యోగం ఉండదా, మాట ఉండదా?" అని ఒక విలేకరి తెలివితక్కువగా అడిగాడు. "ముందు మాట తీసేస్తే మిగతాది సిగ్గుపడి అదే పోతుంది" అన్నారు మంత్రిగారు. ఇంత లోతైన ఆలోచన విని చాలాకాలమైంది కాబట్టి హాల్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ మాట తీసేసిన చోట ఆయన పెట్టిన మాట ఫుడ్ బ్లాగర్. ప్రతి ఇంట్లో పొయ్యి ఉంది, ప్రతి చేతిలో ఫోన్ ఉంది, ఈ రెండింటికీ పెళ్లి చేస్తే చాలు, దానికి ప్రభుత్వం పెళ్లిపెద్దగా ఉంటుందన్నారు. పథకం పేరు 'ఇంటికో ఫుడ్ బ్లాగు'. దానికి ఆదర్శంగా ఆయన చూపించింది ఎవర్నో కాదు, మా వదినని. అందుచేత ఈ పథకం గురించి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

అన్నయ్య పనిచేసే ప్రెస్సు మూతపడ్డాక మా ఇల్లు నడిచింది వదిన బ్లాగు మీదే. పొద్దున్నే వండేది, కిటికీ పక్కన స్టూలు మీద పెట్టి ఫొటో తీసేది, దాని గురించి రాసేది. చదివేవాళ్లకి మధ్యమధ్యలో ప్రకటనలు తగిలేవి. ఆ ప్రకటనల వాళ్లిచ్చే డబ్బుతోనే ఇంటి అద్దె, గ్యాసు, అన్నయ్య కళ్లజోడు, నా షేవింగ్ క్రీము. ఫొటోలు అయ్యేసరికి వంట చల్లారిపోయేది. మాకు వేడి కూర రుచి తెలియదు గానీ, చల్లారిన కూరకి ఏనాడూ లోటు లేదు.

ఒకరోజు మంత్రిగారు స్వయంగా వచ్చారు. మా వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాడు గిన్నెలో నిలబడాలి. మంత్రిగారు, కార్యదర్శి, ఫొటోగ్రాఫర్ లోపలికి వెళ్లి వదినని బయటికి పంపేశారు. ఆవిడ తన వంటగది గురించి గుమ్మంలో నుంచే వివరించింది.

"ఇదేంటి చెల్లెమ్మా, పైన ఆమ్లెట్ అని పెట్టి, నీ చిన్నప్పటి వాన గురించి రాశావు? గుడ్లేవి?" అన్నారు మంత్రిగారు, ఫోన్ మీద వేలు జరుపుతూ.

"కిందుంటాయండీ."

"చాలా కిందికొచ్చానే!"

"ఇంకా కిందికండీ. ముందు వాన, తర్వాత మా అమ్మమ్మ, తర్వాత మేం ఇల్లు మారడం, ఆ తర్వాత గుడ్లు. గుడ్లు పైనే పెడితే అవి తీసుకుని వెళ్లిపోతారు. ఇంక ప్రకటనలెవరు చూస్తారండీ?"

"మరి జనానికి చిరాకు రాదూ?"

"వస్తుందండీ. తిట్టుకుంటూనే కిందికొస్తారు. ఆకలి కదండీ."

మంత్రిగారి వేలు ఆగిపోయింది. ఆయన కార్యదర్శి వైపు చూశారు. "రాసుకోవయ్యా" అన్నారు మెల్లగా. దేశ భవిష్యత్తు మా గిన్నెల స్టాండు పక్కన మలుపు తిరగడం నేను కళ్లారా చూశాను.

వెళ్తూ వెళ్తూ ఆయన దృష్టి నా మీద పడింది. "ఈ అబ్బాయి ఏం చేస్తుంటాడు?"

"ఏమీ చెయ్యడండీ" అన్నాడు అన్నయ్య.

"అయితే అనుభవం ఉంది" అని, నన్ను అక్కడికక్కడే మా పేటకి పథకం సంచాలకుణ్ణి చేశారు. జీతం ఉండదు, బ్యాడ్జీ ఉంటుంది. ఆ రోజు నుంచి నేను దాన్ని బనీను మీద కూడా పెట్టుకుంటున్నాను.

ఇల్లిల్లూ తిరిగి అందరిచేతా బ్లాగులు పెట్టించాను. టైలరు మిషను మీద గుడ్డ కప్పేసి కేకుల మీద పడ్డాడు. సెలూను ఆయన సగం గీసిన గడ్డంతో మనిషిని కుర్చీలో వదిలేసి, సూపు ఫొటో తీయడానికి ఇంటికి పరిగెత్తేవాడు. పళ్ల డాక్టరు మిఠాయిల బ్లాగు పెట్టాడు, ముందుచూపున్న మనిషి. అందరికీ ఉన్నట్టుండి అమ్మమ్మలు గుర్తొచ్చారు. ఆ ఎండాకాలం మా పేట బ్లాగుల్లో కురిసినంత వాన పేటలో ఎన్నడూ కురవలేదు. దేశమంతటా ఇదే ఊపు అని పేపర్లు రాశాయి.

"నువ్వు తిరిగిన ఇళ్లన్నీ నా బ్లాగు చదివే ఇళ్లే" అంది వదిన ఒకరోజు.

"మంచిదేగా వదినా, నీ దగ్గరే నేర్చుకున్నారు."

"ఇప్పుడు వాళ్లంతా రాస్తున్నారు. చదివేదెవరు?"

అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేవాళ్లెవరని పెద్దలు ఏనాడో అన్నారు. అయితే పెద్దలకి ప్రభుత్వ పథకాల మీద సరైన అవగాహన లేదు కాబట్టి నేనా మాట పైకి అనలేదు.

ప్రకటనలు ఒక్కొక్కటే జారుకున్నాయి. వాటి వెనకే అన్నయ్య కాఫీ పోయింది, కూరలో నూనె పోయింది, చివరికి కూర కూడా పోయింది. వదిన పాత ఫొటోలకే కొత్త వానలు రాయసాగింది. ఇంటి ఓనరు వచ్చి అద్దె ఊసే ఎత్తకుండా, "నా పులుసు బ్లాగు చదివారా?" అని గుమ్మంలో నిలబడ్డాడు. అద్దె అడిగినా బాగుండేదనిపించింది.

చివరికి వదిన మంత్రిగారి ఆఫీసుకి వెళ్లింది. బ్యాడ్జీ తుడుచుకుని నేనూ వెళ్లాను.

"రాసేవాళ్లు పెరిగారండీ, చదివేవాళ్లు లేరు. మా ఇల్లు దీని మీదే నడుస్తోంది" అంది వదిన.

"విన్నావటయ్యా!" మంత్రిగారు బల్ల మీద చరిచారు. "చదివేవాళ్లు లేరట! అంటే ఖాళీలున్నాయన్నమాట!"

"ఉన్నాయి సార్. దేశమంతా ఖాళీయే సార్" అన్నాడు కార్యదర్శి.

ఆ విధంగా 'ప్రభుత్వ పాఠకుడు' అనే ఉద్యోగం పుట్టింది. కుర్చీలో కూర్చుని బ్లాగులు చదవడమే పని. నెల జీతం, ఆ పైన పింఛను. "మొదటి పోస్టు నీదే చెల్లెమ్మా. మా శాఖ సైటులో అప్లికేషన్ ఉంటుంది, నింపు చాలు" అన్నారు. వదిన కళ్లు తుడుచుకుంది. నిజం చెప్పాలంటే నేనూ తుడుచుకున్నాను. ఇంటికొస్తూ దారిలో ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఇంటికి రాగానే ముగ్గురం ఫోన్ చుట్టూ చేరి సైటు తెరిచాం. పైన 'ప్రభుత్వ పాఠకుల నియామకం' అని ఉంది. దాని కింద వాన. మంత్రిగారు చిన్నప్పుడు తడిసిన వాన. వాన కింద పరుపుల ప్రకటన, పరుపుల కింద మంత్రిగారి అమ్మమ్మ.

"కిందికి పోనీ వదినా."

"పోతూనే ఉన్నాను."

అమ్మమ్మ కింద జుట్టు నూనె. ఆ కింద మంత్రిగారి మొదటి సైకిలు, మొదటి ఉపన్యాసం, మొదటి ఓటమి, పళ్ల పేస్టు. దేశంలో ఉద్యోగం కావలసిన వాళ్లంతా ఆ వేళ ఆ వానలోనే ఉన్నారని తర్వాత తెలిసింది. అన్నయ్య రెండోసారి చార్జింగ్ పెట్టాడు. ఎట్టకేలకి పేజీ ఆగింది. అక్కడ మంత్రిగారు నవ్వుతున్నారు. 'ఈ కథ నచ్చితే నలుగురికీ పంపండి' అని ఉంది. అప్లికేషన్ మాత్రం లేదు.

సంచాలకుడి హోదాలో నేను కార్యదర్శికి ఫోన్ చేశాను. "సార్, అప్లికేషన్ ఎక్కడుందండీ?"

"కిందుందయ్యా."

"కిందిదాకా వెళ్లామండీ."

"చివరిదాకా వెళ్లారా?" అన్నాడాయన ఆశ్చర్యంగా. "అంత దూరం ఎవరూ రారనుకున్నామే!"

వదిన ఫోన్ బోర్లించింది. "నేను చివర్లో గుడ్లైనా పెట్టేదాన్ని" అంది. ఆ మాటకి నాకు అన్నం తినబుద్ధి కాలేదు. అన్నం లేదు కూడా, కాబట్టి ఇబ్బంది కలగలేదు.

ఆ నెల దేశంలో అన్నిటికన్నా ఎక్కువమంది చదివిన బ్లాగు మంత్రిగారి శాఖదే. ప్రకటనల మీద శాఖకి కుప్పలుగా ఆదాయం వచ్చింది. ఫుడ్ బ్లాగు మీద బతకడం సాధ్యమేనని తాను స్వయంగా నిరూపించానని మంత్రిగారు వినయంగా చెప్పుకున్నారు. ఆయన కృతజ్ఞత ఎంతటిదంటే, 'పథకానికి పుట్టిల్లు' అనే శీర్షికతో మా వంటగది ఫొటో అన్ని పేపర్లలోనూ వేయించమన్నారు. పాత ఫొటోగ్రాఫరే మళ్లీ వచ్చాడు.

"స్టవ్ వెలిగించండమ్మా" అన్నాడు.

"గ్యాసు అయిపోయింది బాబూ."

"ఎప్పుడొస్తుంది?"

వదిన నా బ్యాడ్జీ వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"పర్లేదమ్మా, గిన్నె పెట్టి గరిటె పట్టుకోండి. మంట మేం ఆఫీసులో పెట్టుకుంటాం."

"గిన్నెలో ఏం వెయ్యమంటావు?"

"ఏమీ వద్దమ్మా. ఆవిరి కూడా మాదే."

మర్నాడు పొద్దున్నే పక్కింటివాళ్ల పేపరు అడిగి తెచ్చాను. మొదటి పేజీలోనే వేశారు. వదిన నవ్వుతూ కలుపుతోంది, గిన్నెలోంచి ఆవిరి లేస్తోంది, కింద నీలంగా, నిండుగా మంట. ప్రెస్సులో పనిచేసినవాడు కాబట్టి రంగులు బాగా కుదిరాయన్నాడు అన్నయ్య. ఇంతమందికి మన వంటగది చూపించిన ఘనత మంత్రిగారిదేనని నేనన్నాను. వదిన పేపరు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మంట ఎక్కువైంది. తగ్గించమని చెప్పు, అడుగంటుతుంది" అంది.