గుండెకి కొత్త కండ ఎందుకండీ?

మనిషి గుండె ఒకసారి దెబ్బతింటే మళ్ళీ పూర్వంలా కాదు. ఇంతకన్నా గొప్ప వరం దేవుడు మనిషికి ఇవ్వలేదని నా దృఢమైన అభిప్రాయం!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. మొన్న చలికాలంలో నాకు గుండెపోటు వచ్చింది. డాక్టరు ఫొటో చూపించి, "కొంత కండ చచ్చిపోయిందండీ. ఆ చోట మచ్చ పడింది" అన్నాడు. డెబ్బై ఏళ్ళుగా మచ్చలేని మనిషినని చెప్పుకు తిరిగినవాణ్ణి! పోనీలెండి, చంద్రుడికే తప్పలేదు, నేనెంత?

కానీ ఆ మచ్చ మహిమ చూడండి! ఇంటికి రాగానే నాకు పట్టాభిషేకం జరిగిపోయింది. గ్యాస్ సిలిండర్ నేను జరపక్కర్లేదు. చెడ్డ కబుర్లు నా చెవిన పడవు. టీవీ రిమోటు నా తలగడ కిందే. చదరంగం ఆడితే, పక్కింటి రిటైర్డ్ బస్సు డ్రైవరు తన మంత్రిని తెచ్చి నా బంటు నోట్లో పెట్టి, "అయ్యో, చూసుకోలేదన్నా!" అంటాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాడికి ఎదురుగా ఉన్న బంటు కనపడలేదట! ఆ ప్రయాణికులు ఎలా బతికి బట్టకట్టారో!

ఇలా రాజ్యం ఏలుతుండగా నా సింహాసనం కింద మంట పెట్టింది ఎవరనుకున్నారు? మా తమ్ముడి కూతురు. సైంటిస్టు. చచ్చిన గుండె కండని మళ్ళీ మొలిపించడం మీద రీసెర్చి చేస్తోంది. మొలిపించడానికి గుండేమైనా నారుమడా!

ఒకరోజు తన ల్యాబుకి తీసుకెళ్ళింది. నీళ్ళ తొట్టెల్లో వేలెడంత లేని చారల చేపలు. వాటి గుండెలో ముక్క కోసేసినా కొన్ని వారాల్లో మళ్ళీ పెరుగుతుందట.

"మరి మనకెందుకు పెరగదే?" అన్నాను.

"అదే కనుక్కుంటున్నాం పెదనాన్నా. మనం పుట్టిన కొన్నాళ్ళకే మన గుండె కణాలు రెట్టింపవడం మానేస్తాయి. వాటిని నిద్ర లేపాలి."

నిద్రపోయేవాళ్ళని లేపడం మా వంశంలో ఎవరికీ లేని దురలవాటు!

తర్వాత మైక్రోస్కోపులో చూడమంది. గాజు గిన్నెలో గుండె కణాల గుంపు ఒకటి టుకుటుకుమని కొట్టుకుంటోంది.

"ఎవరిదే పాపం?"

"ఎవరిదీ కాదు. మేమే పెంచాం."

చూశారా! పెళ్ళి లేదు, పక్కింటివాడు లేడు, అయినా దడ తప్పలేదు!

గుండెకి కొత్త కండ వస్తే కండకావరం రాదా? తీసినచోటే మళ్ళీ మొలిస్తే ఇక గుండెలు తీసిన బంట్లకి విలువేముంది? ప్రేమ చెడిన కుర్రాడికి గడ్డం పెరిగేలోగా గుండె పెరిగిపోతే కవిత్వం ఎవరు రాస్తారు? ఇవన్నీ ఆ పిల్లని అడిగాను.

"అయితే నీది బాగవ్వక్కర్లేదా పెదనాన్నా?" అంది.

నేను గబుక్కున మళ్ళీ మైక్రోస్కోపులో తల దూర్చాను.

ఎందుకంటే ముందురోజే మా ఇంట్లో ఘోరం జరిగింది. పడుచుతనంలో ఊబిలో దిగబడ్డ ఏనుగుని తోక పట్టి బయటికి లాగేశానని మా ఆవిడతో చెప్పాను. నలభై ఏళ్ళుగా ఆవిడ నా కోత ఒక్కటీ ఊరికే పోనివ్వలేదు. ఏ ఊబి, ఎవరు చూశారు, తోక తెగలేదేం అని పోలీసు ప్రశ్నలు వేసేది. ఆ రోజు మాత్రం మాత్ర నా చేతిలో పెట్టి, "లాగే ఉంటారు లెండి" అంది.

గుండెపోటుకైనా నేను అంత భయపడలేదు! ఏనుగుని కూడా ఒప్పేసుకుందంటే, ఆవిడ దృష్టిలో నేను సగం పోయినట్టే కదా?

"ఇదంతా మనుషుల దాకా రావడానికి ఎన్నాళ్ళు పడుతుందే?" అన్నాను నెమ్మదిగా.

"చెప్పలేం పెదనాన్నా. చాలా ఏళ్ళే పట్టొచ్చు."

అన్నేళ్ళు ఆగే ఓపిక నాకేదీ? ఇంటికి రాగానే గుమ్మంలోంచే కేకేశాను.

"ఏమేవ్! పిల్ల నాకు కొత్త ఇంజెక్షన్ ఇచ్చింది. పాత కండ పాము కుబుసంలా ఊడిపోయింది. కావాలంటే బీరువా ఎత్తి మేడ మీద పెడతాను చూడు!"

ఆవిడ మాత్రల డబ్బా కింద పెట్టింది. నన్ను ఎగాదిగా చూసింది.

"చాల్లెండి బడాయి! రీసెర్చి ఇంకా చేపల దగ్గరే ఉందని పిల్ల నాకూ చెప్పింది, మరి మీ దాకా ఎక్కడొచ్చింది? బీరువా సంగతి తర్వాత, ముందు మంచం మీద పడేసిన ఆ తడి తువ్వాలు ఎత్తండి!"

ఎత్తాను. ఎత్తి, కావాలనే తీసుకెళ్ళి ఆవిడ ఇస్త్రీ చీర మీద పడేశాను.