అడ్డంగా కూర్చునే శాస్త్రం

పనికి అడ్డంగా కూర్చోవడం మహా పుణ్యకార్యం! నవ్వకండి పాఠకులారా, ఇప్పుడది సైన్సు కూడా.

ధూల్‌పేటలో గణేశుడి ట్రాలీ బయలుదేరితే వెనక ముప్పై బస్సులు ఆగిపోతాయి. దాన్ని ట్రాఫిక్ జామ్ అంటామా? దర్శనం అంటాం. గల్లీకి అడ్డంగా పెళ్లి షామియానా వేస్తే ఆగిపోయిన ఆటోవాళ్లకూ బిర్యానీ అందుతుంది. మరి ఒక పరిశోధన సంస్థ కొనుగోళ్ల సెక్షన్‌లో రిటైరయ్యేదాకా ముప్పై మూడేళ్లు ఫైళ్లకు అడ్డంగా కూర్చున్న నన్ను మాత్రం జనం ఏమేమో అన్నారు!

నాకు న్యాయం చేసింది మా చెల్లెలు శారదమ్మ కూతురు అఖిల. హుస్సేనీ ఆలంలో ఉంటుంది. అదే సంస్థలో ఈస్ట్ మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఈస్ట్ అంటే బ్రెడ్డును పొంగించేదే. దాని చేత ఒక మందుకు ముడిసరుకు తయారు చేయించాలట.

"క్రిస్పర్ అంటే జీన్‌ను కోసే కత్తెర గదా?" అన్నాను, పేపర్లో చదివిన గర్వంతో.

"మేం దాని పదును తీసేసినం మామా. ఇగ అది కోయదు. జీన్ ముంగట ప్రమోటర్ అని తలుపు లెక్క ఒకటుంటది. గాడ పోయి అడ్డం కూసుంటది, గంతే. జీన్ సప్పుడు చేయదు."

నాకు కళ్లు చెమర్చాయి. పదును లేదు, పని లేదు, కూర్చోవడమే ఉద్యోగం! ఇది నా సర్వీసు రిజిస్టరే కదా?

"గని ఈస్ట్ మంచిగ పెరిగినంక మేం ఒక కెమికల్ పోస్తం. పోయంగనే అది లేస్తది" అంది అఖిల. "ఆ కెమికల్ ఫైలే ఏడు నెలల సంది మీ సెక్షన్‌ల ఉన్నది మామా. మూడు నెలల్ల నా గడువు అయిపోతది. జర అడుగుతవా?"

మర్నాడే వెళ్లాను. నా సీట్లో నా శిష్యుడు గోవర్ధన్ ఉన్నాడు. లేచి నిలబడ్డాడు, చాయ్ తెప్పించాడు, ఫైలు తీశాడు.

"ఫారంల 'ప్రయోగం దేని మీద, జంతువా, మొక్కా' అని రెండే కాలమ్‌లు ఉన్నయి సార్. ఈస్టేమో రెండూ కాదంట. దేనికి టిక్కు కొట్టాలె?"

"ఏదో ఒకదానికి కొట్టరాదు భాయ్!"

"గట్లెట్ల కొడ్త సార్? ఈ ఫారం తయారుచేసింది మీరే గదా. కాలమ్ నిండనిది ఫైలు కదలొద్దని నేర్పింది గూడ మీరే గదా."

నిజమే. ఆ ఫారానికి నాకు ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

అఖిల ఏడవలేదు. పక్క ల్యాబ్‌లోంచి ఇంత మైలుతుత్తం, అదే రాగి ఉప్పు, అడిగి తెచ్చుకుంది. రాగి తగిలితే తెరుచుకునే పాతరకం ప్రమోటర్ ఒకటి ఉందట, దానితో ఏదో కానిచ్చింది. నాలుగేళ్లు కూర్చి సొంతంగా కట్టుకున్న ఆ కూర్చుని లేచే స్విచ్ మాత్రం పరీక్షకే నోచుకోలేదు. థీసిస్‌లోంచి ఆ అధ్యాయం తీసేసింది. డాక్టరేట్ వచ్చింది.

మొన్న గల్లీలో ఇంటింటికీ మిఠాయి పంచింది. నాకు రెండు ముక్కలు ఎక్కువే పెట్టింది. తీసేసిన అధ్యాయంలో ఏముందో తను చెప్పలేదు.

నేనూ అడగలేదు. అడిగితే, నాకు అర్థమయ్యేలా చెబుతుందేమోనని భయం!