మంజూరైన గుంత

ఒక పెద్ద అడవిలో రెండు మైళ్ళ రోడ్డు ఉండేది. మొదటి మైలును చూసుకునే కూలీ ముళ్ళపంది వీరాసామి. పొద్దున్నే గంపెడు కంకర నెత్తిన పెట్టుకుని బయల్దేరేవాడు. ఎక్కడ గొయ్యి కనబడినా పూడ్చి, తొక్కి, దానిమీద ఓసారి నడిచి చూసుకుంటేగానీ కదిలేవాడు కాదు.

రెండో మైలు కాంట్రాక్టరు నక్క జంబయ్యది. వానలకు ముందు రోడ్డేసేవాడు, వానలు వెలిశాక మళ్ళీ నిధులడిగేవాడు. అడిగినప్పుడల్లా వచ్చేవి. గుంతలున్న చోటికే నిధులన్నది అడవి సభవారి రూలు మరి! ఇంజినీరు అడవిదున్నగారు ఏటా కర్ర పట్టుకొచ్చి గుంతల లోతు కొలిచి వెళ్ళేవారు.

ఆ ఏడు వీరాసామి మైల్లో కర్ర దిగడానికి చోటే దొరకలేదు.

"ఏమయ్యా, ఇక్కడ పనేమీ లేదే!" అన్నారు దున్నగారు.

"రోజూ చేస్తన్నాను గదండయ్యా, అందుకే లేదు."

"పని లేని చోట కూలీ దేనికి? వచ్చే నెల నుంచి నీ పోస్టు రద్దు."

వీరాసామి ఖాళీ గంపతో ఇంటిదారి పట్టాడు. ఇంట్లో ఐదుగురు పిల్లలు.

"నీ చాదస్తం మన కొంప ముంచింది. బతకనేర్చినోడు ఆ జంబయ్యన్న! నువ్వూ ఓ గొయ్యి తవ్వు" అంది పెళ్ళాం.

ఏడుస్తూనే తవ్వాడు. అలవాటు పోక అంచులు నున్నగా చెక్కాడు కూడా.

కబురందుకుని మళ్ళీ వచ్చిన దున్నగారి కర్ర అందులో మోకాలిలోతు దిగింది. "శభాష్! ఇప్పటికి దారికొచ్చావు" అన్నారాయన. నిధులు మంజూరయ్యాయి. కాంట్రాక్టు జంబయ్యకే వెళ్ళింది. వీరాసామి ఉద్యోగం నిలిచింది. గుంత పక్కన ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడాలి, అంతే. జీతం కూడా పెంచారు.

మూడోనాడు వీరాసామి అన్నానికి వెళ్ళొచ్చేసరికి, ఆకుకూరలమ్మే కుందేలు ముసలమ్మ ఆ గుంతలో పడి మూలుగుతోంది.

"నీ మైలే కదా అని కిందికి చూడకుండా నడిచాను నాయనా" అంది.

వీరాసామికి సిగ్గుతో చచ్చినంత పనయింది. ఆమెను ఇంటికి చేర్చి, గంప తెచ్చి, గుంత పూడ్చి, దానిమీద నడిచి చూసుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది.

జంబయ్య లబోదిబోమంటూ సభకు పరిగెత్తాడు. "సర్కారువారి గుంత పోయిందండీ! మంజూరైన గుంత!"

దున్నగారు వచ్చి కర్రతో ఊరికే పొడిచి చూశారు. "ఎవరి ఉత్తర్వు మీద పూడ్చావయ్యా?"

"ముసలమ్మ పడిపోయిందండయ్యా..."

"ఆ పేరుగల అధికారి మన శాఖలో లేరే!"

అక్కడికక్కడే వీరాసామిని సస్పెండు చేశారు. ఆ గుంతను తిరిగి తవ్వడానికి జంబయ్యకు అదనపు నిధులిచ్చారు.

నీతి: గుంత పూడ్చేముందు అది ఎవరి కంచమో కనుక్కోవాలి.