ఒక్కరోజు సేటు

ఆ శనివారానికి విఠల్‌రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. హమాలీ ఏసప్పను దుకాణంలో తాను కూర్చునే గద్దె మీద కూర్చోబెట్టాలి. తాను ఒక్క మూటకు చెయ్యి తగిలించాలి. నలుగురూ చూశాక ఇంటికెళ్లి హాయిగా నడుం వాల్చాలి. పదకొండింటికల్లా వచ్చేస్తానని భార్య కన్యకకు చెప్పి మరీ బయలుదేరాడు.

పథకం చిన్నదే గానీ, దాని వెనకున్న భయం పెద్దది. బీదర్‌లోని ధాన్యం బజారు గాంధీ గంజ్‌లో విఠల్‌రావుది కందుల హోల్‌సేల్ దుకాణం. బోర్డు మీద పేరు ఆయనదైనా దుకాణాన్ని మోసే నడుము ఏసప్పది. ఇరవై ఆరేళ్లుగా అతను అక్కడ హమాలీల మేస్త్రీ. అతను లేస్తే అయిదుగురు లేస్తారు, కూర్చుంటే అయిదుగురూ కూర్చుంటారు. ఆ రోజుల్లో హైదరాబాద్ చుట్టూ ఎక్కడ చూసినా అద్దాల మేడలే లేస్తున్నాయి. వాటికి సిమెంటు మోసే భుజాల కోసం కాంట్రాక్టర్లు జీపులేసుకుని జిల్లాలన్నీ గాలిస్తున్నారు. సిద్దయ్య అనే కాంట్రాక్టరు బస్టాండు దగ్గర ఏసప్పను పట్టుకుని గుంపుతో సహా రమ్మన్నాడు. శనివారం సాయంత్రం దుకాణానికే వచ్చి జవాబు తీసుకుంటానన్నాడు. ఏసప్ప ఈ సంగతి దాచకుండా సేటుకే చెప్పాడు. అప్పట్నించి విఠల్‌రావుకు అన్నం సయించడం లేదు.

దిక్కుతోచక, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే మేనల్లుడు నితేష్‌కు ఫోన్ చేశాడు.

"మనిషి నిలవాల్నంటే ఒక్క జీతం సరిపోదు మామా. మా కంపెనీల పగటిపూట పండుకోనీకి గదే ఉంటది" అన్నాడు నితేష్.

"మావోళ్లు మూటల మీద రోజూ పండుకుంటనే ఉన్నరు గదరా."

"పుట్టినరోజుకు సెలవిస్తరు."

"ఏసప్ప పుట్టినరోజు ఏసప్పకే తెల్వదు."

"పెంపుడు కుక్కను ఆఫీసుకు తెచ్చుకోనిస్తరు."

"గోదాంల ఇప్పటికే మూడున్నయి. ఇంకోటి చెప్పు."

"ఏడాదికి ఒక్కనాడు మాలోంచి ఒకడు బాసు కుర్చీల కూసుంటడు. బాసు వాని పని చేస్తడు."

విఠల్‌రావు ముఖం వికసించింది. మర్యాదకు మర్యాద, ఖర్చు చూస్తే సున్నా.

అనుకున్నట్టే శనివారం తొమ్మిదింటికి దుకాణం ముందు నిలబడి, అటూ ఇటూ ఉన్న దుకాణాలన్నిటికీ వినబడేలా చెప్పాడు. "ఇయ్యాల పొద్దుమూకేదాంక ఏసప్పే సేటు. ఆయన మాటే నా మాట!"

ఏసప్ప చర్చికి వేసుకెళ్లే తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. కాళ్లు కడుక్కుని, గద్దె మీద పరిచిన తెల్ల దుప్పటి నలగకుండా ఓ మూలకు కూర్చున్నాడు. విఠల్‌రావు తలకు తువ్వాలు చుట్టుకుని గోదాంలోకి వెళ్లాడు. అక్కడ పీరప్ప అనే హమాలీ మూటకు ఒక చెవి పట్టుకుంటే, ఈయన రెండో చెవి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని మూడోవాడి వీపు మీదికి ఎత్తారు. విఠల్‌రావు చేతులు దులుపుకున్నాడు. ఆయన లెక్కలో హమాలీ పని అక్కడితో అయిపోయింది.

బయటికి వచ్చి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఓ పప్పు మిల్లు తరఫున సరుకు కొనే దలాలి అంబాదాస్ ఏసప్ప పక్కన కూర్చుని ఉన్నాడు. ఇద్దరి కుడిచేతులూ ఒకే తువ్వాలు కింద ఉన్నాయి.

గంజ్‌లో పాత సేట్లు పెద్ద బేరాలు ఇప్పటికీ అలాగే చేస్తారు. ధర నోటితో పలకరు. తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరు నొక్కి అడుగుతారు, నొక్కి ఒప్పుకుంటారు. ఒక్కో వేలు క్వింటాలుకు వంద రూపాయల లెక్క. తువ్వాలు పరిచాక మూడో మనిషి నోరు విప్పకూడదు. గద్దె మీద కూర్చున్నవాడి చెయ్యి ఒప్పుకుందంటే ఇక తిరుగులేదు. ఆ మాట తప్పిన వాడికి గంజ్‌లో మళ్లీ ఎవరూ చెయ్యి ఇవ్వరు.

విఠల్‌రావు గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాడు. తువ్వాలు రెండుసార్లు కదిలి ఆగింది. అంబాదాస్ సంతోషంగా దండం పెట్టి వెళ్లిపోయాడు.

"ఏం జేసినవ్ ఏసప్పా?"

"గోదాం అమ్మేసిన సేటూ. రెండొందల మూటలు. గంటల లారీ వస్తది."

"నాలుగు నెలల సంది ధర పెరుగుతదని దాచి పెట్టిన సరుకది! ఎంతకిచ్చినవ్?"

"ఇయ్యాల్టి ధరకు ఒక ఏలు తక్కువ."

బేరం చెల్లదని అరిస్తే గంజ్‌లో పరువు పోతుంది. పైగా సాయంత్రం ఏసప్ప తిన్నగా సిద్దయ్య జీపెక్కుతాడు. విఠల్‌రావు కోపాన్ని మంచినీళ్లతో పాటు గటగటా మింగేశాడు.

లారీ వచ్చింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఇద్దరు ఎత్తాలి, ముగ్గురు మొయ్యాలి, ఒకడు లారీ మీద పేర్చాలి. గుంపులో ఆరో మనిషి గద్దె మీదున్నాడు.

"బయటినుంచి ఒకర్ని పిలువు ఏసప్పా" అన్నాడు విఠల్‌రావు.

"బయటోన్ని పెడ్తే దండగని మీరే అంటరు గద" అన్నాడు ఏసప్ప వినయంగా.

విఠల్‌రావు మళ్లీ మూట చెవి పట్టుకున్నాడు. పన్నెండు మూటలకు చొక్కా తడిసింది. పదిహేనుకు నడుము కలుక్కుమంది.

"జర చాయ్ తాగొస్త."

"ఇరవై మూటలకొక చాయ్ సేటూ. మీరు పెట్టిన కాయిదానే."

ఒంటిగంటయినా మొగుడు ఇంటికి రాకపోయేసరికి కన్యక టిఫిన్ క్యారియర్ పట్టుకుని తనే వచ్చింది. గద్దె మీద ఏసప్పను చూసింది. దుమ్ము కొట్టుకుపోయిన మొగుణ్ణి గుర్తుపట్టడానికి కాస్త సమయం తీసుకుంది. పీరప్ప జరిగిందంతా చెప్పాక కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. క్యారియర్ తీసుకెళ్లి ఏసప్ప ముందు పెట్టింది.

"కన్యకా, అది నా బువ్వ!"

"ఇన్నేండ్ల సంది గద్దెకే పంపుతున్న. తినన్నా, సల్లారిపోతది" అంది ఆవిడ ఏసప్పతో.

విఠల్‌రావుకు ఏసప్ప పెళ్లాం దీనా కట్టి పంపిన జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు దక్కాయి. నిజం చెప్పాలంటే అంత రుచిగా ఆయన ఈ మధ్యకాలంలో ఏదీ తినలేదు. మూడు రొట్టెలు తిని, నాలుగోది ఉందేమోనని మూట విప్పి చూశాడు.

మధ్యాహ్నం గడిచి అడుగు వరుస మూటలు వచ్చాయి. విఠల్‌రావు ఒక మూట ఎత్తి తెల్లబోయాడు.

"ఇదేంది పీరప్పా, ఇంత తేలిగ్గుంది?"

ఇంతలో మెడ మీద తెల్లటి పొడి రాలింది. చొక్కా లోపల ఏదో పాకింది. గోక్కుని చూసుకుంటే పురుగు. మూట కుట్టు విప్పితే కందుల్లో సగం గుల్లే.

"ఏసప్పన్న మీకు రెండుసార్లు చెప్పిండు గద సేటూ, కింది మూటలు తేలిగ్గయితున్నయని" అన్నాడు పీరప్ప. "'నువ్వు మూట మొయ్యి, సరుకు సంగతి నేను చూస్కుంట' అంటిరి."

అవును, అన్నాడు. ఆ రెండుసార్లూ తల కూడా ఎత్తకుండా అన్నాడు. విఠల్‌రావుకు సిగ్గేసింది. గద్దె దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాడు. "అంబాదాస్‌కు ఇది తెలుస్తే ఏమంటడు?"

"తువ్వాలు ఎయ్యకముందే చెప్పిన. కింది మూటల్లోంచి తీసి పెట్టిన పిడికెడు కందులు చూపిచ్చిన గూడ. అందుకే ఏలు తక్కువ. ఎంటనే జల్లిస్తే పై మూటలన్న దక్కుతయి. ఇంకో పదిరోజులు మీరట్లనే దాస్తే ఏలు గాదు సేటూ, చెయ్యే పోతుండె."

విఠల్‌రావు గోదాంలోకి వెళ్లిపోయాడు. ఈసారి మూట చెవి ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నాడు.

చివరి మూట లారీ ఎక్కేసరికి పొద్దు వాలింది. సరిగ్గా అప్పుడే సిద్దయ్య జీపు వచ్చి ఆగింది. సిద్దయ్య ఎన్నడూ విఠల్‌రావును చూసినవాడు కాదు. గద్దె మీద ఏసప్పను చూసి ఆశ్చర్యపోయాడు.

"నువ్వు హమాలీవనుకుంటిని, ఈడ పెద్ద కుర్సీలనే ఉన్నవే! ఇంతకు వస్తున్నవా లేదా? రేకుల షెడ్డుకు ఫ్యాను పెట్టిచ్చినం. ఆదివారం మటన్."

అలా అంటూనే గోడకు ఆనుకుని రొప్పుతున్న విఠల్‌రావును ఎగాదిగా చూశాడు. భుజం నొక్కి చూశాడు. "ఈ పెద్దాయన గట్టిపిండమే. ఈయనను గూడ తోల్కొని రా."

ఏసప్ప విఠల్‌రావు వంకే చూశాడు. విఠల్‌రావు గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. రోజంతా ఆయన మోసింది ఈ ఒక్క జవాబు కోసమే.

"ఆయన్ను ఇయ్య" అన్నాడు ఏసప్ప. "నేను గూడ రాను."

"ఎందుకట్ల?"

"ఇరవై ఆరేండ్లకు ఈడ నా మాట ఒక్కనాడు చెల్లింది. ఆడికొచ్చి మల్ల మొదటినుంచి ఇరవై ఆరేండ్లు ఆగాల్నా?"

విఠల్‌రావుకు ఏడుపొచ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఏసప్ప గద్దె దిగి వచ్చి ఆయన్ను చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాడు. ఇకమీదట ఏ సరుకు అమ్మినా ముందు అతన్ని అడిగే అమ్మాలని విఠల్‌రావు మనసులోనే ఒట్టు పెట్టుకున్నాడు. తర్వాత ఏసప్ప లారీకి తాడు బిగించారో లేదో చూడడానికి అటు వెళ్లాడు.

సిద్దయ్య మాత్రం అంత తొందరగా ఆశ వదులుకునే రకం కాదు. అటూ ఇటూ చూసి విఠల్‌రావు చెవి దగ్గరికి వంగాడు.

"మీ సేటు మంచోడే గావచ్చు పెద్దాయనా. గానీ ఈ వయసుల నీతోని ఇంత పని చేపిచ్చుడు పాపం. మా దగ్గర పొద్దుమూకంగనే నడుముకు నూనె రుద్దనీకి మనిషిని గూడ పెట్టినం. ఏమంటవ్?"

ఆలోచించుకోవడానికి విఠల్‌రావు రెండు రోజులు గడువు అడిగాడు.